పాత పికప్ క్యాబిన్‌లోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవడం ఎలా

వానాకాలం మొదలైందంటే తెలిసినవాళ్ళంతా నన్ను అడిగేది ఒకటే. "అన్నా, బండిలో కాళ్ళ దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి, ముందద్దం రబ్బరు మార్చేయనా?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను. రబ్బరు మాత్రం ఇప్పుడే మార్చకండి. నేను మార్చి చూశాను.

మాది హైదరాబాద్ పక్కన బోడుప్పల్‌లో టెంట్ హౌస్. కుర్చీలు, షామియానా గొట్టాలు, వంట గిన్నెలు మోసే పాత పికప్ ఒకటుంది. రెండేళ్ళ కింద శ్రావణమాసం పెళ్ళిళ్ళ టైమ్‌లో ఎడమవైపు మ్యాట్ కింద నీళ్ళు కనిపించాయి. మెకానిక్ చూడగానే అద్దం రబ్బరు అన్నాడు, మార్చాం, వాన పడింది, మళ్ళీ నీళ్ళు. ఇంకెవరో చెబితే అద్దం చుట్టూ సిలికాన్ పూశాం. మళ్ళీ నీళ్ళే. తీరా చూస్తే తప్పు అద్దానికి జానెడు కింద, వైపర్ల దగ్గరున్న జాలీలో ఉంది. బండి నిలిపేది వేపచెట్టు కింద. ఆకులు కుళ్ళి ముద్దై, నీళ్ళు కిందికి పోయే దారి మూసుకుపోయింది. జాలీ కింద నీళ్ళు తొట్టిలా నిండి, బ్లోయర్ గాలి పీల్చుకునే కంతలోంచి లోపలికి పొర్లుతున్నాయి. పావుగంట పనికి రెండు నెలలు తిరిగాం.

తడి కనిపించిన చోటే నీళ్ళు దూరాయని అనుకోవద్దు. టాప్ మీద దూరిన నీళ్ళు లైనింగ్ వెనక పాకి, అద్దానికీ డోర్‌కీ మధ్య ఉండే రేకు స్తంభం లోపల జారి, వైరు పట్టుకుని ఎక్కడో సీటు కింద తేలతాయి. చుక్క లోపలికి రావడం మీ కళ్ళతో చూసేదాకా ఏ సీలెంట్ ట్యూబూ మూత తీయకండి.

కావలసినవి

మంచి టార్చ్, పాత న్యూస్ పేపర్లు ఒక కట్ట, సుద్దముక్క, టాల్కం పౌడర్ డబ్బా, పెయింటర్లు వాడే మాస్కింగ్ టేప్, స్క్రూడ్రైవర్లు, పాత గుడ్డలు, తోటకు వాడే పైపు. పైపు లేకపోతే బకెట్టు, చెంబు చాలు, కాస్త నెమ్మది పని అంతే. మంజీరా నీళ్ళు, అంటే కుళాయిలో వచ్చే తాగే నీళ్ళు, దీనికి పారబోయకండి, బోరు నీళ్ళు సరిపోతాయి. పైగా బోరు నీళ్ళతో ఒక లాభం ఉంది: ఆరిపోయాక తెల్లటి చార మిగులుతుంది, రేపొద్దున చూసినా నీళ్ళు ఏ దారిన జారాయో తెలుస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యంగా ఇంకో మనిషి కావాలి. ఒకరు బయట నీళ్ళు పోయాలి, ఒకరు లోపల తల కిందులుగా పడుకుని చూడాలి. ఒక్కరే చేస్తే బయటికీ లోపలికీ పరుగులు తీసేలోపు చుక్క జారిపోయి ఉంటుంది.

1. అసలు అవి ఏం నీళ్ళో తేల్చుకోండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. తడిలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూడండి. నాలుక మీద మాత్రం పెట్టకండి.

మామూలు నీళ్ళలా ఉండి, వాన పడ్డాకే వస్తుంటే వాన నీళ్ళే. తర్వాతి మెట్లన్నీ వాటి గురించే.

ఎండగా ఉన్న రోజు కూడా తడి ఉంటే, అదీ ఏసీ వేసినప్పుడే వస్తుంటే, ఏసీ నీళ్ళు. ఏసీ నడుస్తున్నప్పుడు బండి కింద చుక్కలు పడాలి. ఉక్కపోత రోజున పావుగంట ఏసీ వేసినా కింద నేల పొడిగానే ఉందంటే డ్రెయిన్ పైపు మూసుకుందని అర్థం. కింది నుంచి మెత్తటి నైలాన్ తీగ పోనిచ్చి మెల్లగా కదిపితే మట్టి ముద్ద ఊడి, గిన్నెడు నీళ్ళు ఒక్కసారిగా పడతాయి, మొహం పక్కకు పెట్టుకోండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే లోపల పైపు ఊడిపోతుంది, మళ్ళీ డ్యాష్‌బోర్డు విప్పాల్సిన పని పడుతుంది.

జిగురుగా, ఆకుపచ్చగానో ఎర్రగానో, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. హీటర్ ఉన్న బండ్లలో దాని పైపులో హీటరో కారుతుంది. అద్దం లోపలివైపు జిడ్డు పొర పట్టడం, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గడం దీని గుర్తులు. కూలెంట్ విషం. పిల్లల్ని, కుక్కల్ని దగ్గరికి రానీయకండి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.

పెడల్ దగ్గర నూనెలా జారుడుగా ఉంటే అది బ్రేక్ ఆయిలో క్లచ్ ఆయిలో. అప్పుడు ఇది చదవడం ఆపేసి, బండి నడపకుండా, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

2. లోపల అంతా విప్పి ఆరబెట్టండి

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పాత బండ్లలో ఫ్యూజు బాక్సు డ్యాష్‌బోర్డు కిందే ఉంటుంది, మీరు నీళ్ళు పోయబోయేది దాని నెత్తినే.

మ్యాట్ తీసి, దాని కింద ఫోమో గోనెసంచి లాంటి పొరో ఉంటే అదీ తీసేయండి. పైన మ్యాట్ పొడిగా ఉంటుంది, కింద ఫోమ్ పిండితే అర బకెట్ నీళ్ళు వస్తాయి. దీన్ని లోపలే ఉంచి ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాలనుకుంటే వారమైనా ఆరదు, ఈలోపు ముక్కిన వాసన మొదలవుతుంది, కింద రేకు తుప్పు పడుతుంది. బయట ఎండలో వేయండి. వీలైతే సీటు కూడా విప్పండి, నాలుగు బోల్టులే. పాత పికప్‌లలో సీటు వెనక గోడ మూల చూడకపోతే సగం పరీక్ష చేసినట్టే.

రేకు పూర్తిగా తుడిచి ఆరాక, తుప్పు గీతలు ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తుప్పు గీత అంటే నీళ్ళు ఇన్నాళ్ళూ నడిచిన బాట, దాన్ని పట్టుకుని పైకి వెళ్ళండి.

3. నీళ్ళు పోయకముందే చూడాల్సినవి

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

వైపర్ల కింది జాలీ. స్క్రూలు తీసి జాలీ ఎత్తి, ఆకులు చేత్తో తీయండి. పైపుతో లోపలికి తోయకండి, ఆ ముద్ద వెళ్ళి డ్రెయిన్ దగ్గరే కూర్చుంటుంది. రెండు మూలలా కిందికి దారి ఉంటుంది. శుభ్రం చేశాక చెంబుడు నీళ్ళు పోస్తే ముందు చక్రం వెనక నుంచో డోర్ ముందు నుంచో కింద పడాలి. పడకపోతే ఇంకా మూసుకునే ఉంది. వేప, తురాయి, పచ్చ తురాయి చెట్ల కింద నిలిపే బండ్లకు ఇది తప్పనిసరి.

డోర్ కింది కంతలు. డోర్ గ్లాసు పక్క నుంచి నీళ్ళు డోర్ లోపలికి దిగడం తప్పు కాదు, అలా దిగేలాగే చేస్తారు. దిగిన నీళ్ళు డోర్ అడుగున ఉన్న సన్నని కంతల నుంచి బయటికి పోవాలి. డోర్ తెరుస్తూ మూస్తూ వినండి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వస్తే కంతలు మూసుకున్నట్టే. పుల్లతో పొడిస్తే బురద నీళ్ళు దూకుతాయి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) ముందు హడావుడిగా పుట్టీ, పెయింట్ కొట్టించిన బండ్లలో ఈ కంతల్ని కూడా పూడ్చేసి ఉంటారు, అది నేను చాలా బండ్లలో చూశాను. "నీళ్ళు ఇక్కడి నుంచే కారుతున్నాయి" అని ఈ కంతలకు సీలెంట్ పెట్టిన మహానుభావులూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు బిగించే అట్ట) వెనక పాలిథిన్ షీటు. స్పీకర్ పెట్టించినప్పుడో, గ్లాసు మెషిన్ బాగు చేసినప్పుడో దాన్ని చింపి అవతల పారేస్తారు. అది లేకపోతే డోర్ లోపలి నీళ్ళు ప్యాడ్ మీదుగా కాళ్ళ దగ్గరికి వస్తాయి. డోర్ ప్యాడ్ కింది అంచు ఉబ్బి మెత్తబడి ఉంటే ఇదే.

టాప్ మీద బోల్టులు. మా బండికి గొట్టాలు కట్టడానికి క్యారియర్ వేయించాం, దాని నాలుగు బోల్టుల్లో ఒకదాని కింద వాషర్ ఎండి పగిలిపోయింది. యాంటెన్నా, టాప్ లైట్లు, ఎవరో పెట్టి తీసేసిన హారన్ తాలూకు కంతలు, అన్నీ చూడండి. టాప్ అంచున రేకులు కలిసే చోట సన్నని గాడి ఉంటుంది, అందులో సీలెంట్ చిట్లి ఉంటే గోరుతో గీకితే పెచ్చులా లేస్తుంది.

డోర్ బీడింగ్, అంటే డోర్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ. బీడింగ్ అంతా సుద్దముక్కతో రుద్ది, డోర్ మామూలుగా మూసి తెరవండి. ఎదుటి రేకు మీద తెల్ల గీత తెగకుండా పడాలి. తెగిన చోట బీడింగ్ అతుక్కోవడం లేదు. ఇంకో పద్ధతి: పేపరు పట్టీ ఒకటి డోర్ మధ్య పెట్టి మూసి లాగండి. బిగువుగా రావాలి. జర్రున జారిపోతే అక్కడ సందుంది. బీడింగ్ బాగానే ఉండి డోరే కిందికి వాలి ఉండొచ్చు, పాత బండ్లలో హింజి పిన్నులు అరిగి డోర్ వాలుతుంది. అప్పుడు కొత్త బీడింగ్ వేసినా డబ్బు దండగ, ముందు డోర్ సరిచేయించాలి.

4. ఇప్పుడు నీళ్ళు పోయండి, కింది నుంచి పైకి

ఈ వరుసను మార్చకండి. మొదటే టాప్ మీద పోస్తే నీళ్ళు కిందికి జారుతూ అద్దం, జాలీ, డోర్ అన్నింటినీ తడుపుతాయి, లోపల చుక్క పడినా ఎక్కడిదో చెప్పలేరు.

లోపల నేలంతా న్యూస్ పేపర్ పరిచి, డ్యాష్‌బోర్డు కింద రేకు మీద, స్తంభాల పక్కన టాల్కం పౌడర్ చల్లండి. చుక్క జారితే పౌడర్‌లో సన్నటి గీత పడుతుంది. పసుపు, రంగు నీళ్ళు వాడమని కొందరు చెబుతారు, సీటు పాడవుతుంది, వద్దు.

పైపు మూతి నొక్కకుండా, నీళ్ళు మెత్తగా జారేలా పట్టుకోండి. వాటర్ సర్వీసింగ్ వాళ్ళ ప్రెషర్ గన్‌తో కొడితే కొత్త బండిలోనూ దూరుతాయి, దానివల్ల ఏమీ తేలదు. ఒక్కో చోట ఐదు నిమిషాలు, గడియారం చూసుకుని. మనకు ఐదు నిమిషాలు అనిపించేది నిజానికి ఒకటిన్నరే ఉంటుంది.

వరుస ఇది: ముందు చక్రం గూటి లోపల, ఫ్లోర్ కింద, తర్వాత డోర్ కింది అంచు, డోర్ పక్కలు, తర్వాత వైపర్ జాలీ, తర్వాత ముందద్దం కింది అంచు, పక్కలు, పై అంచు, తర్వాత వెనకద్దం, చివరికి టాప్. ప్రతి చోటు తర్వాత ఆగి, లోపల పేపర్లు చూసి, పొడిగా ఉంటేనే పైకి వెళ్ళండి.

అద్దం మీద అనుమానం బలంగా ఉంటే చుట్టూ మాస్కింగ్ టేప్ గట్టిగా అంటించి నీళ్ళు పోయండి. కారడం ఆగిందంటే అద్దమే. తర్వాత టేప్ ఒక్కో జానెడు ఊడదీస్తూ పోస్తే ఏ మూలో తెలుస్తుంది. టేప్ వేసినా కారుతుంటే అద్దాన్ని వదిలేయండి.

లోపల పడుకున్నవాళ్ళు ఏం చూడాలి? వైర్లు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకులోంచి వైర్ల కట్ట, కేబుళ్ళు లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ ఉంటుంది. మొన్న మా బావమరిది బండి చూస్తే, నేను స్టీరింగ్ కింద తల పెట్టి పడుకున్నాను, వాడు జాలీ మీద పోస్తున్నాడు. మూడు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత నల్ల టేపు చుట్టిన వైర్ల కట్ట మీద టార్చ్ వెలుగు మెరిసింది. ఒక చుక్క, వైరు అడుగున వేలాడుతూ, మెల్లగా రెండు అంగుళాలు పాకి, వంపు తిరిగిన చోట ఆగి, లావై, నా చెంప మీద పడింది. కొత్త హారన్ కోసం గ్రోమెట్‌ను బ్లేడుతో కోసి, ఆ కోతను అలాగే వదిలేశారు. తడి మాత్రం అక్కడ కాదు, మూరెడు దూరంలో ఫుట్ రెస్ట్ కింద ఉండేది.

పికప్‌లలో వెనకద్దాన్ని ఎవరూ పట్టించుకోరు. లోడ్ బాడీకీ క్యాబిన్‌కీ మధ్య సందులో మట్టి, గడ్డి, కూరగాయల తొక్కలు పేరుకుని తడిగానే ఉంటాయి, బోయిన్‌పల్లి మార్కెట్‌కు తిరిగే బండ్లలో అయితే చెప్పనక్కర్లేదు. ఆ తడికి క్యాబిన్ వెనక రేకు కింది మూలలు తుప్పు పట్టి పూలలా రాలతాయి. సందు శుభ్రం చేసి, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. టక్ మంటే మంచిది, పొడి రాలితే టింకరింగ్ పని, రేకు కోసి కొత్తది అతికించాలి.

5. ఎంత పోసినా దొరకకపోతే

బ్లోయర్ ఉన్న బండి అయితే బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించి, అద్దాలు, డోర్లు మూసి, బయటి గాలి తీసుకునే సెట్టింగ్‌లో బ్లోయర్ ఫుల్‌గా పెట్టండి. బయట నుంచి బీడింగుల మీద, అద్దం అంచుల మీద షాంపూ నీళ్ళు చిలకరించండి. సందున్న చోట బుడగలు లేస్తాయి. బీడింగులు బాగా లూజుగా ఉన్న బండిలో గాలంతా అటే పోయి, చిన్న సందు దగ్గర బుడగ రాదు, అందుకే బుడగ రాలేదని నిశ్చింతగా ఉండొద్దు.

బ్లోయర్ లేదా? రాత్రి చీకట్లో లోపల టార్చ్ పెట్టి బయట తిరిగి చూడండి, వెలుతురు వచ్చే చోట నీళ్ళూ వస్తాయి. వంకర దారులు మాత్రం ఇందులో కనపడవు.

నిలిపి ఉంచినప్పుడు రాకుండా, నడిపితేనే వస్తుంటే ఫ్లోర్ రేకులో కంత ఉన్నట్టే అనుకోండి, చక్రం ఎగజిమ్మే నీళ్ళవి. ఫ్లోర్‌లో రబ్బరు మూతలు ఉంటాయి, ఒకటి ఊడిపోయినా చాలు. బ్రేక్ వేసినప్పుడే కాళ్ళ మీద పడుతున్నాయంటే పైన ఎక్కడో నిలవ ఉండి ముందుకు దొర్లుతున్నాయి, జాలీ, టాప్ లైనింగ్ చూడండి. మీ వీధి వాలుగా ఉంటే రోజూ బండి ఎటు వాలి నిలుస్తుందో అలాగే పెట్టి పరీక్షించండి. చదును నేల మీద ఎంత పోసినా రానిది, ముందు వైపు పల్లానికి పెడితే పది నిమిషాల్లో వచ్చిన బండి నాకు తెలుసు.

మలక్‌పేట బ్రిడ్జి కింద లాంటి చోట నిలిచిన నీళ్ళలోంచి వెళ్ళాక మాత్రమే తడి ఉంటే అది లీకేజీ కాదు, డోర్ అంచు దాకా నీళ్ళలో దిగారు అంతే. 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన బండి కొన్నవాళ్ళు మాత్రం మ్యాట్ విప్పి ఫ్లోర్ రేకు అంతా ఒకసారి చూసుకోండి.

6. దొరికాక బాగు చేయడం

బాత్‌రూమ్‌లకు వాడే సిలికాన్, ఆ వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చేది, బండికి వాడకండి. ఆరేటప్పుడు దాంట్లోంచి వచ్చే ఆమ్లం రేకును తుప్పు పట్టిస్తుంది, తర్వాత దాని మీద పెయింటూ పట్టదు, ఇంకో సీలెంటూ పట్టదు. నేను పూసినది గీకడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. ఎపాక్సీ ముద్ద కూడా అతుకుల మీద నిలవదు, పికప్ క్యాబిన్ గతుకుల్లో ఊగుతూనే ఉంటుంది, అది పగిలిపోతుంది.

రేకుల అతుకులకు పియూ (పాలీయురేథేన్) సీలెంట్. పాతది గీకి, తుప్పు బ్రష్‌తో పోయేదాకా రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆరాక పెట్టాలి. తడి మీద, తుప్పు మీద పెడితే ఒక్క వాన ఆగుతుంది, రెండో వానకు కింద నుంచి లేస్తుంది.

డోర్ షీటుకు మందపాటి పాలిథిన్, బ్యూటైల్ టేప్ (ముద్దలా మెత్తగా అంటుకునే రబ్బరు టేప్). రాణిగంజ్ వైపు ఆటో సామాన్ల షాపుల్లో అడగండి. షీటు కింది అంచును డోర్ లోపలి గాడిలోకి దోపాలి. బయటికి వదిలేస్తే నీళ్ళు దాని మీదుగా నేరుగా మీ చెప్పుల్లోకి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

రబ్బరులో కూర్చునే అద్దమైతే, రబ్బరు ఇంకా మెత్తగా ఉంటే, గట్టిపడని విండ్‌స్క్రీన్ సీలెంట్‌ను రబ్బరుకీ గాజుకీ మధ్య, రబ్బరుకీ రేకుకీ మధ్య ఎక్కించవచ్చు. రబ్బరు రాయిలా బిగిసి మూలల్లో పగిలితే మార్చాల్సిందే. మార్చేటప్పుడు అద్దం తీయగానే కింద రేకు చూడండి. తుప్పుతో గుంటలు పడి ఉంటే దాన్ని సరిచేయకుండా కొత్త రబ్బరు వేయనివ్వకండి, పని చేసేవాళ్ళు తొందరపెడతారు, పెట్టనీయండి. అతికించే రకం అద్దమైతే ఇంట్లో చేయకండి, అద్దాల మెస్త్రీకే వదిలేసి, ఆయన చెప్పినంతసేపు బండి కదపకండి.

గ్రోమెట్ దొరికితే కొత్తది వేయండి. దొరక్కపోతే బ్యూటైల్ ముద్ద చుట్టూ నొక్కి, ఇంజన్ వైపు వైరును ఒక వంపు కిందికి వదిలి కట్టండి. నీళ్ళు ఆ వంపు దగ్గర కింద రాలిపోతాయి, రేకు దాకా రావు.

7. ఆగిందో లేదో చూసుకోవడం

మ్యాట్ వేయకండి. సీలెంట్ ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చి, కొత్త పేపర్లు పరిచి, ఈసారి టాప్ నుంచి కింది దాకా పావుగంట పోయండి. పొడిగా ఉంటే సగం గెలిచినట్టు. మిగతా సగం నిజమైన వాన. రెండు మంచి వానలు పడేదాకా, ఒకసారి నిలిపి, ఒకసారి నడిపి, పేపర్లు చూస్తూ ఉండండి. పొద్దున్నే ముందద్దం లోపలివైపు ఆవిరి పడుతుంటే ఎక్కడో తడి ఇంకా మిగిలి ఉంది.

ఒకటి ఆపాక కూడా కారుతుంటే కంగారు పడకండి, పాత బండిలో రెండు మూడు చోట్ల ఉండటం మామూలే. మా బండికి జాలీ తర్వాత క్యారియర్ బోల్టు కూడా దొరికింది. మళ్ళీ నాలుగో మెట్టు నుంచి, కింది నుంచే మొదలుపెట్టండి.

అంతా అయ్యాక ఫ్లోర్ రేకుకు రెడ్ ఆక్సైడ్, పెయింట్ కొట్టి, ఎండిన ఫోమ్ వేసుకోండి. వాసన పోని ఫోమ్‌ను పారేసి కొత్తది కోయించుకోండి, ఉతికినా ఆ వాసన పోదు. ఇక చెట్టు కింద నిలిపేవాళ్ళు పదిహేను రోజులకోసారి జాలీ ఎత్తి చూడండి. మా వేపచెట్టు అక్కడే ఉంది, నీడ కావాలి కాబట్టి బండీ దాని కిందే ఉంది, మొన్న ఆదివారం జాలీలోంచి గుప్పెడు ఆకులు తీశాను.